కంప్యూటరు కూర్పు – దోష నిదానము

కంప్యూటరును కూర్చుట అంత కష్టమైన పని కాదు. ఒక మదర్‌బోర్డు, దానిపై ప్రాసెసరు, ప్రక్కన ర్యాము, ఒక ఎస్.ఎస్.డి., వీటన్నిటికిని విద్యుత్తు నిచ్చు ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె, ఈ సంసారమునంతటిని ఇముడ్చుకొను ఇనుప క్యాబినెట్టు – ఇంతే సామగ్రి. ఏ తీగను ఎచ్చట గ్రుచ్చవలెనో వెంట వచ్చిన పుస్తకములో బొమ్మలతో చూపియుందురు. ఒకచోటి తీగ వేరొకచోట దూరకుండ, చాలవరకు వాని మూతుల ఆకారమును కూడ భిన్నముగా చేసినారు. ఓపికగల ఉపాధ్యాయుడు తోడున్నచో తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒక ఆదివారము మధ్యాహ్నమునకు కూర్పు ముగింపవచ్చును. కష్టమంతయు ఆ తరువాతి క్షణములో ఉన్నది. మీట నొక్కినను యంత్రము ఉలకదు, పలకదు. లేదా లోని పంకాలు గిర్రున తిరుగును గాని తెరపై ఒక్క అక్షరమైనను కానరాదు. లేదా అంతయు సక్రమముగా నడచి, పదునైదు నిమిషములకు ఉన్నట్టుండి ఆరిపోవును. అంతవరకు బొమ్మల పుస్తకము చూపిన దారిని నడచినవాడు ఇక్కడినుండి తన బుద్ధిని నమ్ముకొని నడువవలసియుండును.

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, సోమశిల జలాశయమునకు చేరువనున్న ఆత్మకూరులోనో, దుర్గపు కొండ నీడనున్న ఉదయగిరిలోనో ఈ క్షణము వచ్చినపుడు దాని బరువు వేరు. చెన్నపట్టణపు రిచ్చీ వీధి దగ్గరనో, సికిందరాబాదు పార్కులేను దగ్గరనో కాపురముండువాడు అనుమానము కలిగిన భాగమును చేతపట్టుకొని నాలుగడుగులు నడచిన చాలును. ఆత్మకూరునుండి నెల్లూరు పోయి వచ్చుటకు ఒక పూట పట్టును. ఉదయగిరినుండి దినమంతయు గడచును. బస్సు ఖర్చు అటుంచి, చెడని భాగమును చెడినదని తలచి క్రొత్తది కొన్నచో వేల రూపాయలు నేలపాలగును. మెట్టపొలమును నమ్ముకొన్న ఇంటిలో ఆ సొమ్ము తమ్ముని చదువుదో, చెల్లెలి పుస్తకములదో అయియుండును. కనుక కూర్చు విద్యకంటె కూడ, లోపము ఎక్కడనున్నదో కనుగొను విద్య ఇచ్చటివారికి మిక్కిలి అవసరము.

తమ యంత్రమునకు తామే వైద్యులు కావలసిన ఈ అవస్థ నేటి విద్యార్థులకు మాత్రమే పట్టినది కాదు. అమెరికాలో 1945లో పూర్తియైన ఎనియాక్ యంత్రములో వాక్యూము గొట్టములు సుమారు 18,000 ఉండెను. వేడెక్కునపుడును చల్లారునపుడును అవి ఎక్కువగా చెడుచున్నవని గ్రహించి, దానిని నడపువారు వీలైనంతవరకు ఆర్పకుండ ఉంచిరి. మన దేశమున బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయందు, ఆర్. నరసింహన్ నాయకత్వమున నిర్మింపబడి 1960లో పని ప్రారంభించిన టిఫ్రాక్ కంప్యూటరులో 2,700 వాక్యూము గొట్టములు, 1,700 జెర్మేనియము డయోడులు, 12,500 రెసిస్టరులు ఉండెను. తెలుగునేలపై ఈ విద్య వేళ్ళూనినది హైదరాబాదులో 1967లో నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థతో. పశ్చిమ గోదావరిలోని మోగల్లున జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావు దానికి సారథి. ట్రాంబేలో రూపొంది 1969లో పని ప్రారంభించిన టి.డి.సి.-12 కంప్యూటరును పిదప తయారుచేసి అమ్మినది ఈ సంస్థయే. వేలకొలది భాగములున్న యంత్రము ఆగినపుడు ఏది తప్పినదో ఊహతో పట్టుకొన వీలులేదు. యంత్రమును తునకలుగా విడదీసి, ఒక్కొక్క తునకను విడిగా పరీక్షించుటయే గతి. నేటి కంప్యూటరులో విడదీయదగిన భాగములు పదికి మించవు. పని తగ్గినది గాని పద్ధతి మారలేదు.

తెలుగులో నిదానమను మాటకు రెండర్థములు గలవు. ఆయుర్వేదమున నిదానమనగా రోగకారణమును నిర్ణయించుట. మాధవనిదానమను గ్రంథమునకు ఆ పేరు అట్లు వచ్చినదే. వాడుకలో నిదానమనగా తొందరపడకుండుట. కంప్యూటరు విషయమున ఈ రెండర్థములును ఒకటియే. కృష్ణదేవరాయలంతటివానికి సయితము ఉదయగిరి దుర్గము ఏడాదికి పైగా ముట్టడించినగాని 1514లో వశము కాలేదు; ఒక సాయంకాలము ఓపిక పట్టుట బాలురకు కష్టము కాకూడదు.

ఆ ఓపికను ఎట్లు వినియోగింపవలెనో తర్కశాస్త్రము ఏనాడో చెప్పినది. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు బాలురకు సుబోధముగా నుండుటకై తర్కసంగ్రహమును రచించెను. అందు అన్వయము, వ్యతిరేకము అను రెండు మాటలు వచ్చును. ఇది ఉన్నచోట అది ఉండుట అన్వయము. పొగ ఉన్నచోట నిప్పుండునని వంటయింటిని చూపుదురు. అది లేనిచోట ఇది లేకుండుట వ్యతిరేకము. నిప్పులేని చోట పొగ ఉండదని మడుగును చూపుదురు. రెండు విధములను సరిపోయినపుడు ఆ సంబంధము గట్టిపడును. కంప్యూటరు బాగుచేయువారు పెక్కుమంది ఈ రెంటిలో ఒకదానితో తృప్తిపడుదురు. చిక్కంతయు అక్కడనే ఉన్నది.

ఎట్లనగా – ఒక విద్యార్థి కూర్చిన కంప్యూటరు తెర వెలుగలేదనుకొందము. ర్యాము పాడైనదని ఎవరో చెప్పిరి. నెల్లూరు పోయి క్రొత్త ర్యాము తెచ్చి పెట్టెను, తెర వెలిగెను. పాతది చెడిపోయినదని అందరును నిశ్చయించి దానిని మూలకు పారవేసిరి. ఈ నిశ్చయమునకు ఆధారమేమి? క్రొత్తది పెట్టునపుడు ఒక్క పని కాదు, మూడు పనులు జరిగినవి. పాతదానిని తీసిరి, గాడిలోని దుమ్ము కదిలినది, క్రొత్తదానిని గట్టిగా అదిమిరి. మొదటినుండియు పాత ర్యాము గాడిలో సగమే దిగియుండవచ్చును. ఈ ముడి విప్పుటకు ఉపాయమొక్కటే: క్రొత్తదానిని తీసి, పాతదానిని మరల అదే గాడిలో పెట్టి చూడవలెను. తెర మరల ఆరినచో ర్యాము చెడినమాట నిజమునకు చేరువ. అప్పటికిని, దానిని చక్కగా నడచుచున్న వేరొక యంత్రములో పెట్టి చూచి, అక్కడ కూడ తెర ఆరినపుడు మాత్రమే సందేహము తీరును. పాతదానితోనే తెర వెలిగినదా, కొనుటకు పెట్టిన సొమ్ము దండుగ. అయినను అంగడివాడు మంచివాడైనచో తిరిగి తీసికొనవచ్చును. బాగైన యంత్రమును మరల కదపనేల అని భయపడి ఈ కడపటి మెట్టు ఎక్కువారు అరుదు. యంత్రము బాగగుట వేరు, దోషము తెలియుట వేరు. తెలియని దోషము ఒక నెలకు మరల వచ్చును. అప్పుడు మదర్‌బోర్డును నిందింతురు.

ఇక పరీక్షా క్రమము. మీట నొక్కినను పంకా కదలక, దీపము వెలుగక ఉన్నచో, విద్యుత్తు వచ్చు దారిని గోడనుండి లోనికి వరుసగా నడువవలెను. గోడ సాకెట్టులో సెల్‌ఫోను చార్జరును పెట్టి చూచుట మొదటి పని. ఎస్.ఎం.పి.ఎస్. వెనుక ఒక చిన్న మీట ఉండును. అది సున్న గుర్తువైపు గాక గీత గుర్తువైపు నొక్కియుండవలెను. ఈ మాట నవ్వు పుట్టించును గాని, ఈ మీట వేయక యంత్రమును పట్టణము వరకు మోసికొనిపోయి సిగ్గుపడి వచ్చినవారు ఏ ఊరిలోనైనను ఉందురు. పిదప మదర్‌బోర్డునకు పోవు 24 పిన్నుల వెడల్పు తీగ చిటుక్కుమని బిగిసినదా లేదా చూడవలెను. క్యాబినెట్టు ముందరి మీటనుండి వచ్చు సన్నని తీగల జతను తప్పు పిన్నులకు తగిలించుట మరియొక సామాన్యమైన పొరపాటు. ఆ జతను ఊడదీసి, బోర్డుపై దానికి కేటాయించిన రెండు పిన్నులను స్క్రూడ్రైవరు కొనతో ఒక్క క్షణము కలిపి చూచినచో తేలిపోవును. యంత్రము లేచినచో దోషము మీటదో, తీగ తగిలించుటదో అగును, ఎస్.ఎం.పి.ఎస్.ను అనుమానింప పనిలేదు.

ఎస్.ఎం.పి.ఎస్.నే పరీక్షింపవలసివచ్చినపుడు దానిని యంత్రమునుండి పూర్తిగా వేరుచేసి, గోడ తీగ కూడ ఊడదీసి, 24 పిన్నుల మూతిలోని పచ్చని తీగను ఒక నల్లని తీగతో పేపరు క్లిప్పుచేత కలిపి, పిదప విద్యుత్తు నియ్యవలెను. ఇటీవలి పెట్టెలలో తీగలన్నియు నల్లనివే. అప్పుడు పచ్చ తీగ స్థానమైన 16వ పిన్నును లెక్కించి పట్టుకొనవలెను. పంకా తిరిగినచో పెట్టె లేచినదని మాత్రమే అర్థము, ఆరోగ్యముగా ఉన్నదని కాదు. ఖాళీ బండిని లాగిన ఎద్దు గడ్డిమోపు లాగగలదని చెప్పలేము గదా! మల్టీమీటరుతో చూచినపుడు 12 వోల్టుల తీగ 11.4కు తగ్గకయు 12.6కు మించకయు, 5 వోల్టుల తీగ 4.75కు తగ్గకయు 5.25కు మించకయు ఉండవలెను. అయిదు శాతము అటునిటు సహింపవచ్చునను నియమమునుండి ఈ అంకెలు వచ్చినవి. లెక్క వేసి చూచుకొనుట విద్యార్థులకు మంచి అభ్యాసము.

ఒక్క హెచ్చరిక. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె మూత విప్పరాదు. గోడనుండి వచ్చు 230 వోల్టులనునది ప్రభావపు లెక్కయే గాని, ఆ తరంగపు శిఖరము 325 వోల్టులు. పెట్టెలోని పెద్ద కెపాసిటరులు ఆ ఒత్తిడిని, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడ, గోడ తీగ పెరికిన పిదప సయితము కొంతసేపు దాచుకొనియుండును. ఈ ఒక్కచోట పిల్లల ఉత్సాహమునకు ఉపాధ్యాయుడు నిర్మొహమాటముగా అడ్డుపడవలెను.

పంకాలు తిరిగియు తెర వెలుగనపుడు అసలైన నిదానము మొదలగును. అప్పుడు చేయవలసినది చేర్చుట కాదు, తీసివేయుట. గ్రాఫిక్సు కార్డు, ఎస్.ఎస్.డి., యు.ఎస్.బి. తీగలు అన్నియు తొలగించి, ఎస్.ఎం.పి.ఎస్., మదర్‌బోర్డు, ప్రాసెసరు, దాని పంకా, ఒకే ఒక ర్యాము – ఇంతవరకే మిగిల్చవలెను. అప్పుడు వెలిగినచో తీసినవానిని ఒక్కొక్కటిగా చేర్చుచు పోవలెను. ఏది చేర్చగా ఆరినదో దాని వద్ద నిలువవలెను. ఒక పర్యాయమునకు ఒక మార్పే. రెండు మార్పులు ఒకేసారి చేసినవాడు ఫలితమును చూచును గాని కారణమును చూడడు. తొలగించినవి ఎనిమిది ఉండి, వానిలో ఒక్కటే దోషియని తెలిసినపుడు, సగము సగముగా చేర్చి చూచినచో మూడు పరీక్షలలో పట్టుబడును. గణితోపాధ్యాయులు దీనిని నల్లబల్లపై చూపవచ్చును.

అయితే ఈ తీసివేతకు పూర్వము తెర తీగను ఒకసారి చూచుకొనుట మేలు. గ్రాఫిక్సు కార్డు ఉన్న యంత్రములో తెర తీగను కార్డునకు గాక మదర్‌బోర్డునకు తగిలించి, లేని రోగమునకు మందు వెదకువారు పెక్కుమంది. కొన్ని ప్రాసెసర్లలో చిత్రము నిచ్చు శక్తియే ఉండదు. ఇంటెల్ వారి అట్టి వానికి పేరు చివర ఎఫ్ అను అక్షరము ఉండును. ఆ రకమునకు గ్రాఫిక్సు కార్డును తీసినచో తెర ఎన్నటికిని వెలుగదు. దీనిని తెలియక తీసివేత పరీక్ష చేసినవాడు తన పరీక్ష చేతనే మోసపోవును. ప్రాసెసరునకు విద్యుత్తు నిచ్చు 8 పిన్నుల తీగను, బోర్డు పైమూలనుండుటచేత, మరచిపోవుట కూడ సామాన్యము. అప్పుడు పంకాలు తిరుగును, తెర చీకటిగా ఉండును.

యంత్రము మూగదైనను సైగలు చేయును. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు నాటినుండియు, ఈ యంత్రములు మేల్కొనగానే తమ్ము తాము పరీక్షించుకొని, లోపమున్నచో కూతల సంఖ్యచేత తెలుపుట ఆచారముగా వచ్చుచున్నది. నేటి బోర్డులలో కొన్నిటిపై ప్రాసెసరు, ర్యాము, చిత్రము, నిలువ అను నాలుగింటికి నాలుగు చిన్న దీపములుండును. ఏ దీపము ఆరక నిలిచినదో అక్కడ యంత్రము తడబడినదని అర్థము. దీపములు లేని బోర్డునకు చిన్న స్పీకరును తగిలించి ఒక చక్కని ప్రయోగము చేయవచ్చును. ర్యామును పూర్తిగా తీసివేసి మీట నొక్కవలెను. అప్పుడు యంత్రము ర్యాము లేదని కూత పెట్టినచో ప్రాసెసరును మదర్‌బోర్డును బ్రతికియున్నవని నిశ్చయింపవచ్చును. కోరి ఒక లోపమును కల్పించి, దానిని యంత్రము గుర్తుపట్టునా అని చూచుట ఇది. కూత లేనిచో దోషము ఇంకను లోతున ఉన్నది.

ర్యాము విషయమున మూడు ముచ్చట్లు. ర్యామును గాడిలో అదుముటకు క్రొత్తవారు భయపడుదురు. చివరల కొక్కెములు వానియంతట అవి బిగియువరకు నొక్కవలసినదే. నాలుగు గాళ్ళున్న బోర్డున రెండు ర్యాములు పెట్టునపుడు, సామాన్యముగా ప్రాసెసరు వైపునుండి రెండవ, నాలుగవ గాళ్ళు వాడవలెను. పాత ర్యాము బంగారు పూత అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, రబ్బరు పొడి మిగులకుండ దులిపి పెట్టుట మన మెకానికుల పాత చిట్కా. మురికిచేత కలిగిన దోషములు పెక్కు దానితో తీరును. ఇవి గాక, డి.డి.ఆర్.5 రకపు ర్యాముతో క్రొత్త చిక్కు ఒకటి వచ్చినది. మొదటిసారి మీట నొక్కినపుడు ఆ యంత్రము ర్యాముతో కాలమును, వేగమును సరిచూచుకొనుటకు కొన్ని నిమిషములు తీసికొనవచ్చును. అంతసేపు తెర నల్లగానే ఉండును. ఓపికలేక మీట ఆర్పి మరల వేసినచో ఆ తతంగము మరల మొదటికి వచ్చును. ఏ దోషము లేని యంత్రము ఇట్లు గంటల తరబడి దోషిగా నిలుచుట కద్దు.

అన్నియు సరిగా ఉన్నను వెలుగనపుడు బోర్డును క్యాబినెట్టునుండి వెలికి తీసి, అది వచ్చిన అట్టపెట్టెపై పరచి, మునుపు చెప్పిన కొద్ది భాగములతో పరీక్షింపవలెను. బయట నడచి లోపల నడువనిచో దోషము బోర్డుది కాదు, బిగింపుది. క్యాబినెట్టులో బోర్డును ఎత్తి పట్టుటకు ఇత్తడి మేకులవంటివి ఉండును. బోర్డున రంధ్రము లేని తావున ఒక మేకు మిగిలిపోయినచో అది బోర్డు వీపును తాకి షార్టు చేయును. బయట కూడ నడువనిచో ప్రాసెసరును తీసి దాని గద్దెను దీపపు వెలుతురున చూడవలెను. ఇంటెల్ వారి ఒక గద్దెలో 1,700 సన్నని స్ప్రింగు పిన్నులుండును. వానిలో ఒక్కటి వంగినను ఒక ర్యాము గాడి మొత్తము పనిచేయకపోవచ్చును. బోర్డు తయారైన పిదప వెలువడిన ప్రాసెసరైనచో, బోర్డులోని బయాస్ దానిని ఎరుగకపోవుటయు గలదు. అట్టి బోర్డులు కొన్నింటికి, ప్రాసెసరు లేకయే పెన్‌డ్రైవునుండి బయాస్‌ను క్రొత్తది చేయు మీట వెనుకనుండును. కొనుటకు ముందే ప్రాసెసర్ల పట్టిక చూచుకొన్నచో ఈ బాధ ఉండదు.

నడచి నడచి ఆగిపోవు యంత్రముల సంగతి వేరు. ఇక్కడ ఋతువును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. ప్రాసెసరు వేడి గది వేడిని ఆధారము చేసికొని యుండును. ఒక పని చేయునపుడు ప్రాసెసరు గదికంటె 45 డిగ్రీలు అధికముగా వేడెక్కుననుకొన్నచో, మార్గశిరమున 28 డిగ్రీల గదిలో అది 73 డిగ్రీలు. పడమటి నెల్లూరు మెట్టలలో రోహిణికార్తెనాడు గదిలో 42 ఉన్నచో 87. ఎ.ఎం.డి. వారి పెక్కు ప్రాసెసర్లకు 95, ఇంటెల్ వారి పెక్కింటికి 100 డిగ్రీల ప్రాంతమున హద్దు. వేడి ఆ హద్దును చేరినపుడు ప్రాసెసరు మొదట వేగమును తగ్గించుకొనును. ఇంకను తగ్గనిచో యంత్రము ఆరిపోవును. చలికాలమున కూర్చిన యంత్రము వైశాఖమున చెడినట్లు కనబడుటకు కారణమిదియే కావచ్చును. అయితే ఎండను నిందించుటకు ముందు పంకాను విప్పి చూడవలెను. పంకా క్రింది లోహపు అడుగున అంటియుండు పలుచని ప్లాస్టిక్ పొరను తీయకయే బిగించినవారు లోకమున చాలమంది. వేడిని అందించు పేస్టును శనగగింజంత పెట్టిన చాలునని కొందరు, పలుచగా పులుమవలెనని కొందరు వాదింతురు. అసలు పెట్టకుండుటకంటె రెండును మేలే.

వేడియు కాదన్నచో వదులైన అతుకు. నడుచుచున్న యంత్రములో తీగల మూతులను, ర్యాము అంచులను ఎండిన కొయ్యపుల్లతో మెల్లగా కదిపి చూచినపుడు ఎక్కడ తాకగా ఆగునో అక్కడ లోపము. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టె లోపలికి మాత్రము పుల్లయైనను పోనీయరాదు. ఇనుప పనిముట్టు ఈ పనికి పనికిరాదు. కొయ్య గరిటెలకు పేరుపొందిన ఉదయగిరివారికి పుల్ల వెదకికొనవలసిన పనిలేదు. పురుగు పుట్ర కూడ ఒక కారణము. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డువారి మార్క్-2 యంత్రము తడబడగా, రిలే నడుమ చిక్కి చచ్చిన ఒక చిమ్మటను తీసి దినచర్య పుస్తకమున అంటించిరి. ఆ పుటను స్మిత్సోనియన్ సంస్థవారు భద్రపరచినారు. మన ఇండ్లలో ఆ పాత్రను బల్లి వహించును. వెచ్చదనము కోరి ఎస్.ఎం.పి.ఎస్.లో దూరి, అది తాను చచ్చి పెట్టెను కూడ చంపును. బల్లి శరీరముపై ఎక్కడ పడిన ఏమి ఫలమో పంచాంగములు చెప్పును గాని, ఎస్.ఎం.పి.ఎస్.లో పడిన ఫలమును ఎవరును వ్రాయలేదు. క్యాబినెట్టు వెనుక ఖాళీ కంతలకు మూతలు బిగించుటయే శాంతి.

కొన్ని దోషములు యంత్రములో ఉండవు, ఇంటిలో ఉండును. మోటారు వేసినపుడెల్ల కంప్యూటరు ఆగి మరల మొదలగుచున్నచో దానిని విప్పి ప్రయోజనము లేదు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. ఒక ఆవృత్తి 20 మిల్లీసెకనులు. గోడ విద్యుత్తు తెగిన తరువాత మంచి ఎస్.ఎం.పి.ఎస్. యంత్రమును నిలువరింపగల కాలము సుమారు 17 మిల్లీసెకనులు. అనగా ఒక్క ఆవృత్తి పూర్తిగా జారిపోయినను యంత్రము కూలవచ్చును. ట్యూబులైటు అప్పుడు ఒక్కసారి రెప్ప వేసినట్లు మాత్రమే కనబడును. దీనికి మందు యు.పి.ఎస్. గాని, క్రొత్త మదర్‌బోర్డు కాదు.

క్యాబినెట్టును వట్టి చేతితో తాకినపుడు చీమ కుట్టినట్లు చురుక్కుమన్నచో చాలమంది మదర్‌బోర్డు షార్టయినదనుకొందురు. నిజమునకు ఎస్.ఎం.పి.ఎస్.లోని వడపోత కెపాసిటరులు విద్యుత్తు తీగలు రెంటినుండియు పెట్టె లోహమునకు అతిస్వల్పముగా విద్యుత్తును వదలును. ఆ విద్యుత్తు ఎర్తు తీగద్వారా నేలలోనికి పోవలసినది. ఎర్తు లేనిచో లోహపు పెట్టె, మల్టీమీటరుకు, సుమారు 115 వోల్టులపై తేలుచున్నట్లు కనబడును. ఆ సాకెట్టులోని మూడవ రంధ్రము అలంకారమునకే ఉన్నదని దీని భావము. ఇల్లు కట్టినపుడు గుంట త్రవ్వి ఉప్పు, బొగ్గు వేసి పాతిన కడ్డీ, రాతినేలలో తడి ఆరినకొలది, వేసవిలో ఉండియు లేనట్లే అగును. ఆ గుంటలో నీరు పోయుచుండుట పాత మేస్త్రీలు ఎరిగిన పని. నీరు పోసినను చురుకు తగ్గనిచో, నిజముగనే ఏ తీగయైనను లోహమునకు తాకుచున్నదేమో ఎలక్ట్రీషియనుచేత చూపించువరకు ఆ యంత్రమును వాడరాదు.

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నిటికిని అడ్డము వచ్చునది ఒక్కటే: మంచిదని తెలిసిన రెండవ భాగము లేకుండుట. అన్వయ వ్యతిరేకములు రెండును చూడవలెనన్నచో అనుమానింపబడిన ర్యామునకు తోడు నమ్మదగిన ర్యాము ఒకటి, అనుమానింపబడిన బోర్డునకు తోడు నడుచుచున్న యంత్రమొకటి ఉండవలెను. నెల్లూరు అంగడివానికి అవి అరనిండ ఉండును. ఆత్మకూరు విద్యార్థికి ఉండవు. ఇక్కడ పాఠశాలలు చేయగల ఉపకారము గలదు. మూలపడిన పాత కంప్యూటరులనుండి నడుచు ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి, డి.డి.ఆర్.4 ర్యాము ఒకటి, ఒక చిన్న గ్రాఫిక్సు కార్డు, ఒక తెర, రెండు తీగలు, 3 వోల్టుల సి.ఆర్.2032 బిళ్ళ బ్యాటరీలు కొన్ని, ఒక మల్టీమీటరు తీసి విజ్ఞానశాస్త్రపు అలమరలో ఉంచినచో, ఊరిలో కూర్చిన ప్రతి యంత్రమునకు అది గీటురాయి అగును. ప్రక్కన ఒక నోటుపుస్తకము ఉండవలెను: ఏ దినమున ఏ యంత్రమున ఏ లక్షణము కనబడినది, ఏ ఒక్క మార్పు చేయగా ఏమైనది, పాతదానిని మరల పెట్టగా ఏమైనది. భాగములపై చీటీలంటించి, కడపట పరీక్షించిన తేదీ వ్రాయవలెను. నిలువయుండి కెపాసిటరులు తమంతట తామే చెడుచుండును. మల్టీమీటరులోని బ్యాటరీ మాట కూడ మరువరాదు. అది నీరసించినపుడు కొన్ని మీటర్లు ఉన్నదానికంటె ఎక్కువ వోల్టులు చూపును, తక్కువ కాదు.